పద్నాలుగో అంతస్తులో లాల

హైదరాబాదు వెళ్ళి వచ్చి పది రోజులైంది. ప్రొద్దుటూరులో కనిపించిన ప్రతివాళ్ళూ హైటెక్ సిటీ ఎట్లుందని అడుగుతున్నారు. మెట్రో ఎక్కావా, వేలాడే వంతెన చూశావా, అద్దాల మేడల ముందు ఫోటో దిగావా అని ఒకటే ఆరా. మెట్రో ఎక్కలేదు. వంతెన చూడలేదు. వారం రోజులుండి నేను చూసి వచ్చింది ఒక స్నానం. నవ్వేవాళ్ళు నవ్వండి. ముప్పయ్యొక్క ఏళ్ళు సోషలు చెప్పినదాన్ని, ఏది చూడదగ్గదో నాకు తెలుసు.

సంగతేమిటంటే, మా చెల్లెలి కూతురు శ్రావణి అక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరు. తొలి కాన్పు, ఆడపిల్ల. అందరూ చిన్ని అంటారు. న్యాయంగా మా చెల్లెలే వెళ్ళి బాలింతకూ బిడ్డకూ నీళ్ళు పోయాలి. సరిగ్గా అప్పుడే దానికి కంటి ఆపరేషన్ అయింది. నీళ్ళూ పొగా తగలకూడదన్నారు డాక్టర్లు. ఇంతలో శ్రావణి నాకు ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, నేను బిడ్డకు నీళ్ళు పోయలేను. పన్నెండో రోజు నా చేతుల్లోంచి జారింది. తొట్టిలోనే పడిందిలే, ఏం కాలేదు. ఆస్పత్రిలో కూడా చూపించినాం. కానీ మళ్ళా నేను నీళ్ళ దగ్గర దాన్ని ముట్టుకోలేదు. కార్తీక్ తడి గుడ్డతో తుడుస్తాండాడు. సోమవారం నుంచి ఆయన ఆఫీసుకు పోవాల. నేను తల్లిగా పనికిరానేమో పెద్దమ్మా."

"నోర్ముయ్. నేను వస్తాండా," అన్నాను.

మా ఇంట్లో నాలుగు తరాల పిల్లలు ఆడవాళ్ళ కాళ్ళ మీదే లాల పోసుకున్నారు. నేల మీద చతికిలబడి రెండు కాళ్ళూ చాపి, బిడ్డను ముంగాళ్ళ మీద వేసుకుని, నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, చెంబుతో నీళ్ళు పోస్తాం. నా చేతుల మీదుగా పదకొండు మంది పెరిగారు. ఈ సంగతి నేను బస్సులో పక్క సీటామెకు కూడా చెప్పాను. కుడి మోకాలు అరిగిందనీ, నేల మీద కూర్చోవద్దని డాక్టరు చెప్పాడనీ మాత్రం ఎవరికీ చెప్పలేదు. శ్రావణికి అసలే చెప్పలేదు. అటువంటివి చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు.

మియాపూర్‌లో పొద్దున్నే

బస్సు మియాపూర్‌లో దింపింది. రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. నాలుగు ఇడ్లీలు నలభై రూపాయలు. మా ఊళ్ళో అయితే ఎర్రకారం అడగకుండానే వేస్తారు. ఇక్కడ అడిగితే బండి ఆమె నన్ను ఎగాదిగా చూసి, "పొద్దుగాల్నే గంత కారమా అమ్మా? కడుపు మండదా?" అంది. ఆమెది వనపర్తి వైపట. అంతలోనే ముక్కు ఎగబీల్చి నా సంచి వైపు చూసింది.

"సున్నిపిండా? ఎవరికి నీళ్ళు పోయనీకె పోతున్నరు?"

"మా పిల్ల కూతురికి."

"నేను పెద్దబిడ్డకు పోసిన. చిన్నోనికి పొయ్యలే. బండి కాడికి రావాలె గదా," అంది చట్నీ కలుపుతూ. ఆ మాట మామూలుగానే అంది గాని చట్నీ గిన్నెలోంచి కళ్ళు ఎత్తలేదు. ఇంకో ఇడ్లీ వేసి దానికి డబ్బు తీసుకోలేదు.

గేటు దగ్గర

శ్రావణి వాళ్ళు ఉండేది నానక్‌రాంగూడలో, ఒకే గోడ లోపల తొమ్మిది టవర్లు. గేటు దగ్గర నా పేరు రాసుకున్నారు, ఫోటో తీశారు, ఫోనుకు వచ్చిన నాలుగంకెలు చెప్పమన్నారు. కళ్ళజోడు సంచి అడుగున ఉంది. ఆటో వెనకాల నాలుగు కార్లు హారన్ కొడుతుంటే నేను రోడ్డు మీద సంచి బోర్లించి కళ్ళజోడు వెతుక్కున్నాను.

పాత నాగరికతల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకు ఒక సంగతి తప్పకుండా చెప్పేదాన్ని. రెండు మూడు వేల ఏళ్ళ కిందట పాలస్తీనా వైపు ఇంటికి ఎవరొచ్చినా మొదట కాళ్ళకు నీళ్ళిచ్చేవారు. చెప్పులేసుకుని దుమ్ములో నడిచి వచ్చిన మనిషి గదా. కావలసినవాడైతే తలకింత నూనె కూడా రాసేవారు. కాళ్ళకు నీళ్ళివ్వకపోతే రావద్దన్నట్టే లెక్క. ఎండా దుమ్మూ ఉన్న చోటల్లా మర్యాద నీళ్ళతోనే మొదలవుతుంది, మా ప్రొద్దుటూరులోనూ అంతే. మా ఇంటి వాకిట్లో చెంబు ఈరోజుకీ ఉంటుంది. ఇక్కడ కాళ్ళకు నీళ్ళివ్వలేదు గాని ఫోటో మాత్రం బాగా వచ్చిందట.

తలుపు తీయగానే శ్రావణి నా కాళ్ళకు దణ్ణం పెట్టి, లేచీ లేవకముందే బిడ్డను నా చేతుల్లో పెట్టేసింది. ప్రేమ అనుకున్నాను. సాయంత్రానికి అర్థమైంది. పాలివ్వడం అయ్యీ కాగానే ఎవరు దగ్గరుంటే వాళ్ళకు ఇచ్చేస్తోంది. నాకు, మొగుడికి, ఆఖరికి వంటమనిషికి కూడా. బిడ్డ తన చేతుల్లో ఉన్నంతసేపూ శ్రావణి భుజాలు బిగుసుకునే ఉంటాయి.

కార్తీక్‌ది రాజమండ్రి. మంచివాడు. వాళ్ళమ్మగారు నెల తర్వాత వస్తారు. "అదేం లేదండి అత్తయ్యగారూ, తనకి ధైర్యం చెప్పేవాళ్ళు లేకండి," అని నాకు పక్కకు వచ్చి చెప్పాడు. ధైర్యం చెబితే వచ్చేదైతే అతను మూడు వారాల నుంచి చెబుతూనే ఉన్నాడు.

గాజు గది

మర్నాడు పొద్దున నూనె వెచ్చబెట్టి, కొంగు బిగించి స్నానాల గదిలోకి వెళ్ళాను. గది పెద్దదే. నీళ్ళు పోసుకునే చోటు మాత్రం గాజు పలకల మధ్య నిలువుగా, టెలిఫోను బూత్ అంత ఉంది. మనిషి నిలబడాలి, కూర్చోకూడదు. వేల ఏళ్ళ కిందట సింధు నది వైపు కట్టిన ఇళ్ళలో ఇంటింటికీ స్నానాల గది ఉండేది. ఇటుకలు పరిచిన నేల, నీళ్ళు పోవడానికి వాలు, బయట కాలువ, అన్నీ ఉండేవి. వాళ్ళకు లిఫ్టు లేకపోవచ్చు గాని కాళ్ళు చాపుకునే చోటుండేది.

సరే, చూద్దామని బిడ్డను తీసుకోకుండా ముందు నేను కూర్చున్నాను. సగం దాకా వంగిన మోకాలు అక్కడే పట్టేసింది. కిందికీ పోదు, పైకీ రాదు. "కార్తీక్!" అని అరిచాను. పదకొండు మందిని పెంచిన పెద్దమ్మను అల్లుడు చంకల కింద చేతులు వేసి లేపాడు. శ్రావణి గుమ్మంలో నిలబడి చూసింది. దాని ముఖం చూడలేకపోయాను. నేను కూడా పనికిరాలేదని తెలిసిపోయింది.

ఉక్రోషం కొద్దీ సాంబ్రాణి అయినా వేస్తానని పట్టుబట్టాను. బిడ్డ ముక్కుకు పొగ తగలకూడదని డాక్టరు చెప్పింది కాబట్టి దాన్ని వేరే గదిలో పడుకోబెట్టి, కొబ్బరి చిప్ప గ్యాస్ మీద కాల్చి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, శ్రావణి తలకు పొగ పట్టాను. పైకప్పులో తెల్లటి గిన్నెలాంటిది ఒకటుంది. అది ఏమిటో నాకు తెలియదు. రెండు నిమిషాల్లో తెలిసింది. టవరంతా గంట మోగింది. ఎదురింటాయన లాప్‌టాప్ చంకలో పెట్టుకుని పద్నాలుగు అంతస్తులూ మెట్ల మీద పరుగున దిగాడు. తర్వాత లిఫ్టులో వచ్చాడు. సారీ చెప్పాను.

సెక్యూరిటీ సూపర్‌వైజర్ అంజయ్య రొప్పుకుంటూ వచ్చాడు. "ఏందమ్మా గీ పొగ? మంటలంటుకున్నయేమో అని ఉరికొస్తిమి!" అని, గుమ్మంలోనే ఆగి గాలి పీల్చాడు. గొంతు మారింది. "ఊదు ఏసిండ్రా? పసిబిడ్డ ఉన్నదా ఇంట్ల?"

అక్కడ సాంబ్రాణిని ఊదు అంటారు. కేకలేస్తాడనుకున్న మనిషి కిటికీలు తెరిచి, బాల్కనీ తలుపు తీసి, నిప్పుల మూకుడు తనే పట్టుకుపోయి బయట పెట్టాడు. నా మోకాలి కథంతా విన్నాడు.

"జర పరేషాన్ గాకుండ్రి టీచరమ్మా. మా మేనత్త బాలమణి నార్సింగిల ఉంటది. మా ఇంటి పిల్లలందరికి ఆమెనే నీళ్ళు పోసింది. అడిగి చూడుండ్రి."

నార్సింగిలో బాలమణి

పెద్ద రోడ్డు దిగి రెండు మలుపులు తిరిగితే పాత నార్సింగి. చుట్టూ టవర్లు లేచి, మధ్యలో బాలమణి ఇంటికి మధ్యాహ్నం మాత్రమే ఎండ తగులుతోంది. డెబ్బై దాటిన మనిషి కాళ్ళు చాపుకుని చింతపండు గింజలు తీస్తోంది. ఆ కాళ్ళు చూసి నాకు అసూయ పుట్టిందని దాచకుండా చెబుతున్నాను.

మాట కలవడానికి ఎంతోసేపు పట్టలేదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. చింతపండు పులుసు కాచకుండా అట్లాగే పోసుకుంటారు. మా సీమ ఊరిబిండి పచ్చడి ముందు ఏపాటిదిలే అనుకుంటూనే రెండోసారి పోయించుకున్నాను. నేనూరుకోకుండా నా చదువు కూడా విప్పాను. పూర్వం యూదుల ఇళ్ళలో బిడ్డ పుట్టగానే నీళ్ళతో కడిగి, ఒళ్ళంతా ఉప్పు రుద్ది, గుడ్డ పీలికలతో చుట్టేవారని చెప్పాను.

"ఉప్పా?" బాలమణి చెయ్యి ఆగిపోయింది. "పసిదానికి మంట పుట్టదా? పాపం, గప్పటోళ్ళకు సున్నిపిండి దొరకలేదేమో."

"మా సున్నిపిండి చూడు మరి," అని గర్వంగా డబ్బా మూత తీశాను. పెసలు, బావంచాలు, కస్తూరి పసుపు, ఎండిన గులాబి రేకులు, మూడు రోజులు ఎండబెట్టి ఆడించింది. ఆమె చిటికెడు తీసి నా ముంజేతి లోపలి వైపు రుద్దింది. ఎర్రగా గీతలు తేలాయి.

"మనసొంటి ముసలోళ్ళకు మస్తుగుంటది. నెల బిడ్డకు రాస్తే తోలు గీరుకపోతది," అంది.

కోపమొచ్చింది. కానీ చెయ్యి అబద్ధం చెప్పదు గదా. పెళ్ళికూతుళ్ళ నలుగుకు ఆడించినట్టు బరకగా ఆడించాను, అలవాటు కొద్దీ. పదకొండు మంది పిల్లల సంగతి ఊరంతా చెప్పుకున్న నేను చేసిన తప్పు అది. ఒప్పుకున్నాను.

బాలమణి వస్తానంది. రెండే షరతులు. పిండి మెత్తగా ఆడించాలి. "ఇగ రెండోది, నేను మూడొద్దులే వస్త. తల్లి పక్కన కూసోవాలె. నేను పోతే ఎవరు పోస్తరు మల్ల?"

హఫీజ్‌పేట్ గిర్ని

పిండిమరను అక్కడ గిర్ని అంటారు. బాలమణి చెప్పిన గిర్ని హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర. హైటెక్ సిటీ స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే ఆ తర్వాతిదే. రైలు టికెట్టు అయిదు రూపాయలు, స్టేషను దాకా ఆటోకు నూట యాభై. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

గిర్ని ఆయన అప్పుడే కారం ఆడించి ముగించాడు. దుకాణమంతా ఘాటు. నాకు తుమ్ములు ఆగలేదు. దీంట్లో పసిబిడ్డ పిండా అని వెనక్కి తిరిగాను.

"ఆగుండ్రమ్మా. ఎవరికి?"

"నెల బిడ్డకు."

ఆయన ఇంకేమీ అడగలేదు. మర ఆపి, రాళ్ళు ఊడదీసి బ్రష్షుతో తోమాడు. బిగించి, దోసెడు బియ్యం పోసి ఆడించి ఆ పిండి పారబోశాడు. మళ్ళీ దోసెడు పోశాడు. రెండోసారి వచ్చిన పిండి చిటికెడు నాలుక మీద వేసుకుని, కారం తగల్లేదని తేలాక అప్పుడు నా డబ్బా అందుకున్నాడు. వరుసలో జొన్నలు పట్టుకుని నిలబడ్డ నలుగురు ఆడవాళ్ళలో ఒక్కరూ విసుక్కోలేదు. "పసిపిల్లకట, కానియ్యి" అన్నారు. ఆ ఊరి మీద నాకు గౌరవం పుట్టింది అక్కడే, అద్దాల మేడల దగ్గర కాదు.

తిరుగు రైలులో లాప్‌టాప్ సంచి తగిలించుకున్న ఒక అమ్మాయి వాసన పట్టి, పాళ్ళన్నీ అడిగి ఫోనులో రాసుకుంది. పెళ్ళయిందా అని అడిగాను. "లేదాంటీ, నాకే రాసుకుందామని," అంది. నాకు చాలా నచ్చింది. "నీకైతే బరకగానే ఆడించుకో," అన్నాను.

కాళ్ళకు నీళ్ళు

శనివారం పొద్దున బాలమణి వచ్చింది. గేటు వాళ్ళు ఆమెను సామాన్లు మోసే లిఫ్టు వైపు పంపారని అంజయ్య ఫోన్ చేసి చెప్పాడు. పనివాళ్ళకు అదేనట రూలు. నేను కిందికి దిగాను. ఆమె చెయ్యి పట్టుకుని మామూలు లిఫ్టు దగ్గరికి నడిపించాను. అడ్డం వచ్చిన మనిషితో, "ఈమె మా ఇంటికొచ్చిన పెద్దమనిషి. నీకేమన్నా ఉంటే పద్నాలుగో అంతస్తుకొచ్చి మాట్లాడు," అన్నాను. క్లాసులో వాడే గొంతు అది. పనిచేసింది.

తలుపు ముందు ప్లాస్టిక్ టబ్బు పెట్టి, చెంబుతో ఆమె కాళ్ళకు నీళ్ళు పోశాను. ఎదురింటాయన తలుపు సందులోంచి చూశాడు. మళ్ళీ ఏం మోగుతుందోనని కాబోలు. బాలమణి కాళ్ళు వెనక్కి తీసుకోబోయి, ఆగి, నన్ను చూసి నవ్వింది. "గీ బంగ్లాల్ల నాకు కాళ్ళకు నీళ్ళిచ్చిన తొలి మనిషివి నువ్వే," అంది.

యుటిలిటీలో మూడు రోజులు

గాజు గదిని ఆమె ఒక్క చూపుతో కొట్టిపారేసింది. వంటింటి వెనక, వాషింగ్ మెషీన్ పక్కన, గిన్నెలు తోముకునే చిన్న బాల్కనీ ఉంది. దాన్ని యుటిలిటీ అంటారు. నేల గరుకు, నీళ్ళు పోవడానికి వాలుంది, పైన తెల్ల గిన్నె లేదు. "గిదే తానం అర్ర," అంది. అర్ర అంటే గది.

మొదటి రోజు తనే పోసింది. శ్రావణి రెండడుగుల దూరంలో స్టూలు మీద గోడకంటుకుని కూర్చుంది. బాలమణి చేతులు బిడ్డ వీపు మీద పైకీ కిందికీ తిరుగుతుంటే చిన్ని ఏడుపు సగంలో మానేసి, నోరు తెరిచి, నిద్రపోయింది.

రెండో రోజు శ్రావణిని నేల మీద కూర్చోబెట్టి, కాళ్ళు చాపించి, బిడ్డను దాని కాళ్ళ మీద వేసింది. చేతులు మాత్రం తనవే. శ్రావణి కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కండ్లు తెరువు బిడ్డా. నువ్వు గా ఎత్తు మీద తొట్టి పెట్టి, ఒక చేత్తోని పట్టుకొని ఒక చేత్తోని కడిగినవ్. జారకపోతే ఏమైతది? ఎవరికైనా జారుతది. గిక్కడ నీ కాళ్ళే తొట్టి. రెండు చేతులు ఖాళీ. యాడికి జారుతది? జారితే నీ ఒళ్ళెకే జారుతది."

శ్రావణి ఏడ్చింది. బిడ్డను పట్టుకోవాలని నేను ముందుకు వంగితే బాలమణి కళ్ళతోనే నన్ను ఆపింది. శ్రావణి కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి, చిన్ని హాయిగానే ఉంది. అది నేనూ చూశాను, దాని తల్లీ చూసింది.

మూడో రోజు సోమవారం. కార్తీక్ ఆఫీసుకు వెళ్ళాడు. శ్రావణి చేతులతో నూనె రాసింది, పిండి నలిచింది. నీళ్ళు మాత్రం బాలమణి పోసింది. కొత్త చీర, కొబ్బరికాయ, తమలపాకులు ఆమె ఒళ్ళో పెట్టి పంపాం. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో శ్రావణి గడ్డం పట్టుకుని, "మస్తు చేసినవ్," అంది. మూడు రోజుల మాట మేం గుర్తుంచుకోలేదు. రేపు కూడా వస్తుందిలే అనుకున్నాం.

మంగళవారం

ఆ సాయంత్రమే నా బస్సు. పొద్దున నీళ్ళు కాగాయి. ఎనిమిదైనా బాలమణి రాలేదు. శ్రావణి ఫోన్ చేసింది.

"నేను రాను బిడ్డా. నువ్వే పొయ్యి," అని అవతల బాలమణి ఫోన్ పెట్టేసింది.

శ్రావణి నా వైపు చూసింది. ఇంట్లో మేమిద్దరమే. నా మోకాలి సంగతి దానికి తెలుసు.

"ఈరోజుకు తడి గుడ్డతో తుడిచేద్దాం పెద్దమ్మా."

సరేలే అనడానికి నోటి దాకా వచ్చింది. అది నా చేతుల్లో పెరిగిన పిల్ల. భయంతో పెదాలు తెల్లబడితే చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. సాయంత్రం నేనుండను. రేపు ఎవరూ ఉండరు. ఈరోజు తుడిస్తే రేపూ తుడుస్తుంది.

"నీళ్ళు చల్లారిపోతాండాయి మే," అన్నాను.

అది నూనె గిన్నె, పిండి డబ్బా తీసుకెళ్ళి యుటిలిటీలో పెట్టింది. బకెట్టు చేతికందేంత దూరానికి జరిపింది. నేల మీద కూర్చుని కాళ్ళు చాపింది. బిడ్డను నేను అందించాను.

"నువ్వు లోపలికి పో పెద్దమ్మా. నువ్వు చూస్తాంటే నాకు చెయ్యాడదు. తలుపేసుకో."

తలుపు వేసి వంటింట్లో నిలబడ్డాను. అవతల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. నూనె రాస్తోందనుకున్నాను. తర్వాత నీళ్ళ చప్పుడు. చిన్ని కెవ్వుమంది. మళ్ళీ నీళ్ళు. ఉన్నట్టుండి చెంబు ఠంగుమని నేల మీద పడి దొర్లింది. ఏడుపు ఆగిపోయింది. నా చెయ్యి గడియ మీదికి పోయింది.

"ఆగవే రాక్షసీ! అయిపోయింది, అయిపోయింది. చెవి ఎనకాల ఉండాది ఇంకా. తల్లీ, జరగొద్దు."

దాని గొంతు అది. ఇన్నాళ్ళూ ఫోనులో నేను విన్న గొంతు కాదు. చిన్నప్పుడు తమ్ముణ్ణి గదమాయించే గొంతు. గడియ మీంచి చెయ్యి తీసేశాను.

తలుపు తెరుచుకుంది. శ్రావణి ఒంటి మీద బట్టలు నిలువునా తడిశాయి. జుట్టులో, కనుబొమల మీద సున్నిపిండి. గుండెలకు హత్తుకున్న తువాలులో చిన్ని ఎర్రగా, మెరుస్తూ, చుట్టూ చూస్తోంది. వారం నుంచి అలవాటైపోయిందేమో, నేను రెండు చేతులూ చాపి ఎదురువెళ్ళాను.

"ఉండు పెద్దమ్మా, తల ఆరలేదు. నేనే తుడుస్తా," అని శ్రావణి నా పక్కనుంచి బిడ్డతో గదిలోకి వెళ్ళిపోయింది.

చాపిన చేతులు అట్లాగే ఉండిపోయాయి. ఖాళీ చేతులు చూసుకుని అంత గర్వపడటం నా జీవితంలో అదే మొదటిసారి.